మూడు తగవులు, ఒక రాష్ట్రం: హైదరాబాద్‌లో తొలి పార్టీ చీలికలు (1948–1956)

1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్ సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయింది. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రమే లేకుండా పోయింది. తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో, మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రంలో, కన్నడ జిల్లాలు మైసూరులో కలిశాయి. మధ్యనున్న ఎనిమిదేళ్లలో అక్కడి ప్రజలు సైనిక పాలన చూశారు, అధికారుల పాలన చూశారు, ఎన్నికైన ప్రభుత్వాన్నీ చూశారు. 1950 జనవరి 26న గణతంత్రం వచ్చేనాటికి హైదరాబాద్‌లో వయోజన ఓటుతో ఎన్నికైన శాసనసభ లేదు. పార్టీలు మాత్రం ఉన్నాయి, అవీ అప్పటికే చీలి ఉన్నాయి. స్టేట్ కాంగ్రెస్‌లో ముఠాలు, కమ్యూనిస్టు పార్టీలో ఒకదానికొకటి పొసగని రెండు వాదాలు, దళిత సంఘాల్లో వేర్వేరు శిబిరాలు కనిపిస్తాయి. ముస్లింల ప్రధాన రాజకీయ సంస్థ అయితే రంగం మీదే లేదు.

ఈ చీలికలకు మూలం ఏమిటన్న దానిపై డెబ్బై ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. భూమి అన్నవారున్నారు, ముల్కీ (స్థానికత) అన్నవారున్నారు, మతం అన్నవారున్నారు, కులం అన్నవారున్నారు, అంతా కుర్చీల కొట్లాటేనని తేల్చేసినవారూ ఉన్నారు. చర్చ ఇంతగా చిక్కుపడటానికి ఒక కారణం, ఎవరి కథ ఎక్కడ మొదలవుతుందో దాన్నిబట్టే వారి ముగింపు తేలిపోవడం. 1946లో కడవెండి నుంచి మొదలుపెట్టిన రచయితకు అంతా వర్గపోరాటంగా కనిపిస్తుంది. 1948 సెప్టెంబర్ నుంచి మొదలుపెడితే విలీనమో విషాదమో అవుతుంది. 1952 సెప్టెంబర్ నాటి సిటీ కాలేజీ కాల్పుల దగ్గర మొదలుపెట్టినవారి కథ నేరుగా 1969 తెలంగాణ ఉద్యమానికి, అక్కడి నుంచి 2014 రాష్ట్ర ఏర్పాటుకు నడుస్తుంది.

చీలికలకు ముందు కథ

హైదరాబాద్‌లో పార్టీలు పార్టీలుగా పుట్టలేదు. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలనే గస్తీ నిషాన్ 53 నీడలో జనం భాష చుట్టూ, గ్రంథాలయాల చుట్టూ కూడారు. 1921లో ఆంధ్ర జనసంఘం ఏర్పడింది. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. మరాఠీ, కన్నడ ప్రాంతాల్లోనూ ఇలాంటి పరిషత్తులే నడిచాయి. 1938లో స్టేట్ కాంగ్రెస్ పెట్టబోతే పురిట్లోనే నిషేధించారు. ఆ నిషేధం 1946 దాకా తొలగలేదు. అందుకే తొలగిన రోజున స్టేట్ కాంగ్రెస్ ఒకే సంస్థగా కాక మూడు భాషా సంస్థల కలయికగా లేచి నిలబడింది. మరాఠ్వాడాలో పేరున్న నాయకుడికి వరంగల్‌లో అనుచరులు లేరు, వరంగల్ నాయకుడికి గుల్బర్గాలో లేరు. తర్వాతి ముఠాతత్వంలో సగం ఇక్కడే ఉంది.

మొదటి పెద్ద చీలిక 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభలో వచ్చింది. సభ్యత్వ రుసుము రూపాయి నుంచి అణాకు దిగింది. చూడటానికి చిల్లర లెక్క. కానీ అణా ఇవ్వగలిగిన పాలేరు, కౌలుదారు సభలోకి రాగానే సభ స్వభావమే మారిపోయింది. రావి నారాయణరెడ్డి నాయకత్వంలోని అతివాదుల చేతికి సంస్థ వెళ్లింది. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి, మందుముల నరసింగరావు తదితర జాతీయవాదులు వేరు పడ్డారు. 1952లో తెలంగాణ శాసనసభా స్థానాల్లో ఎదురెదురుగా నిలిచిన రెండు పక్షాలకు బీజాలు ఈ సభలోనే కనిపిస్తాయి.

రెండో చీలిక కాంగ్రెస్ లోపలిది. 1946లో అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో స్వామి రామానంద తీర్థ బూర్గుల మీద స్వల్ప తేడాతో నెగ్గారు. స్వామి సన్యాసి, మరాఠ్వాడాలో బడిపంతులుగా, కార్యకర్తగా పేరు తెచ్చుకున్నవారు. నిజాంతో తాడోపేడో తేల్చుకోవాలనే ధోరణి ఆయనది. బూర్గుల హైకోర్టు వకీలు, బహుభాషా పండితుడు. రాజ్యాంగ సంస్కరణల ద్వారా మెట్టు మెట్టుగా సాగడం ఆయనకు ఇష్టం. వీరిద్దరి మధ్య తేడా నిజంగా సిద్ధాంతమా, స్వభావమా, ప్రాంతమా అన్నది నేటికీ తేలని ప్రశ్న. 1948 సెప్టెంబర్ నాటి సైనిక చర్య (పోలీసు చర్య) తర్వాత స్వామి వర్గం కౌలుదారుల హక్కుల గురించి గట్టిగానే మాట్లాడింది. అయితే కౌలుదారీ చట్టం వచ్చింది బూర్గుల రెవెన్యూ మంత్రిగా ఉన్నప్పుడు. ఒక వర్గాన్ని ప్రగతికి, ఇంకొకదాన్ని దొరలకు కట్టబెట్టే రాతలు ఈ చోట తడబడతాయి.

శాసనసభ లేని కాలం

1948 సెప్టెంబర్ నుంచి 1949 డిసెంబర్ దాకా మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక గవర్నర్. ఆ తర్వాత 1952 మార్చి దాకా ఐసీఎస్ అధికారి ఎం.కె. వెల్లోడి పాలన నడిపారు. నిజాం ఉస్మాన్ అలీఖాన్ 1949 నవంబర్ 23న భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఫర్మానా ఇచ్చి, 1950 జనవరి 26 నుంచి రాజప్రముఖ్ అయ్యారు. కూలిపోయిన పాలకుడు కొత్త రాష్ట్రానికి రాజ్యాంగబద్ధ అధిపతిగా కొనసాగడం అప్పటి పార్టీలన్నిటికీ ఏదో ఒక రకంగా ఇబ్బందే.

ఈ అధికారుల పాలన పెద్ద పనులే చేసింది. నిజాం సొంత కమతమైన సర్ఫ్-ఎ-ఖాస్‌ను 1949 ఫిబ్రవరిలో దివానీలో (ప్రభుత్వ భూముల్లో) కలిపారు. ఆగస్టులో జాగీర్దారీ రద్దయింది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ఏ ఎన్నికల ప్రణాళికలోనైనా ముందు వరసలో ఉండాల్సిన సంస్కరణలివి. ఇవన్నీ ఓటరు ముఖం చూడకముందే, ఏ పార్టీ ఖాతాలోనూ పడకుండా, ఢిల్లీ పేరున జరిగిపోయాయి. పార్టీలకు మిగిలింది అమలు గురించి కొట్లాడటం, ఢిల్లీలో ఎవరి మాట చెల్లుతుందో తేల్చుకోవడం. 1950లో బూర్గులతో పాటు కొందరు కాంగ్రెస్ నాయకులు వెల్లోడి మంత్రివర్గంలో చేరినప్పుడు, మిగతావారి కోపం విధానాల మీద కన్నా ఎంపిక మీదే ఎక్కువ. ఈ కాలాన్ని చాలామంది చరిత్రకారులు రెండు పేజీల్లో దాటేస్తారు. అది పొరపాటు. ముఠా నాయకుడు ఢిల్లీ విమానమెక్కి తగవు తీర్చుకొచ్చే అలవాటు ఈ కాలంలోనే పాదుకుంది.

ఇదే సమయంలో మద్రాసు రాష్ట్రం నుంచీ ఇతర చోట్ల నుంచీ తహసీల్దార్లు, పోలీసు అధికారులు, ఉపాధ్యాయులు వచ్చారు. పాత ఉద్యోగుల్లో ముస్లిం అధికారులు చాలామంది పోయారు. కొందరిని తొలగించారు, కొందరు ముందుగానే విరమించారు, కొందరు పాకిస్తాన్ వెళ్లారు. ఖాళీ అయిన కుర్చీలు తమకు దక్కుతాయనుకున్న స్థానిక హిందూ విద్యావంతులకు ఆ కుర్చీల్లో కోస్తా జిల్లాల మనుషులు కనిపించారు. ముల్కీ తగవుకు ఇంధనం ఇలా చేరింది.

కమ్యూనిస్టుల తగవు: తుపాకీ దించాలా, వద్దా

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక మొదలైన రైతాంగ పోరాటం, 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ఇచ్చిన పిలుపుతో సాయుధ పోరాటంగా మారింది. రజాకార్లు (మజ్లిస్ సాయుధ దళం), నిజాం పోలీసులు ఎదుట ఉన్నంతకాలం పార్టీలో ఎవరికీ అనుమానం లేదు. భారత సైన్యం వచ్చాక అసలు ప్రశ్న ఎదురైంది. శత్రువు పోయాడా, మారాడా?

రావి నారాయణరెడ్డి లెక్క ప్రకారం జనం సైన్యాన్ని విమోచకులుగా చూస్తున్నారు. ఇప్పుడు తుపాకీ దించి, దక్కిన భూమిని చట్టబద్ధంగా కాపాడుకోవాలి. పుచ్చలపల్లి సుందరయ్య, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య తదితర ఆంధ్ర నాయకత్వం వాదన వేరు. తుపాకీ దించితే దొరలు తిరిగొస్తారు, పంచిన భూమి పోతుంది. దీనికి పైన జాతీయ స్థాయిలో బి.టి. రణదివే పట్టణ తిరుగుబాటు సిద్ధాంతం, దానికి ప్రత్యామ్నాయంగా ఆంధ్ర కమిటీ ముందుకు తెచ్చిన చైనా మార్గం. 1950లో రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1951 మొదట్లో డాంగే, అజయ్ ఘోష్, రాజేశ్వరరావు, బసవపున్నయ్య రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. అదే ఏడు ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన 100 ఎకరాలతో వినోబా భావే భూదానం మొదలైంది. అక్టోబర్ 21న పార్టీ పోరాట విరమణ ప్రకటించింది. నాలుగైదు నెలలు తిరక్కుండానే ఎన్నికలు.

ఎవరు సరైనవారు? రెండు పక్షాలకూ సాక్ష్యం ఉంది. సైన్యం వెంట దొరలు కొన్ని గ్రామాలకు తిరిగొచ్చారన్నది నిజం. పోరాటం అడవుల్లోకి వెనక్కి తగ్గే కొద్దీ మైదాన గ్రామాల్లో జనం నలిగిపోయారన్నదీ నిజం. ఇంకొకటి గమనించాలి. ఈ చీలికపై ముఖ్య పుస్తకాలు 1970లలో వచ్చాయి. సుందరయ్య గ్రంథం 1972లో, రావి నారాయణరెడ్డి జ్ఞాపకాలు 1973లో వెలువడ్డాయి. అప్పటికి పార్టీ 1964లో రెండయింది, నక్సల్బరీ తర్వాత మరోసారి చీలింది. దేవులపల్లి వెంకటేశ్వరరావు మూడో పక్షం నుంచి రాశారు. కాబట్టి 1948 గురించి చెబుతున్నట్టు కనిపించే పేజీల్లో చాలాచోట్ల 1964 తగవే నడుస్తుంటుంది.

1952: ఓటు చెప్పింది ఎంత

హైదరాబాద్ శాసనసభకు 175 స్థానాలు. కాంగ్రెస్‌కు 93 వచ్చాయి. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టులు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీచేసి 42 గెలిచారు. సోషలిస్టులకు 11, మరాఠ్వాడాలో బలమున్న రైతు కార్మిక పార్టీకి 10, షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు 5, స్వతంత్రులకు 14 దక్కాయి. మార్చి 6న బూర్గుల ముఖ్యమంత్రి అయ్యారు. ఫ్రంట్ తరఫున వి.డి. దేశ్‌పాండే ప్రతిపక్ష నాయకుడు. నల్లగొండ నుంచి లోక్‌సభకు రావి నారాయణరెడ్డి 3 లక్షల పైచిలుకు ఓట్లతో నెగ్గారు. అది నెహ్రూకు వచ్చిన ఓట్ల కన్నా ఎక్కువ.

ఈ లెక్కలను ఎలా చదవాలన్న దానిపై రెండు వాదాలున్నాయి. ప్రజలు పోరాటాన్ని సమర్థించారని వామపక్షం అంటుంది. ప్రజలు పోరాట విరమణను సమర్థించారని, అందుకే ఓటు వేశారని ఇతరులు అంటారు. ఫ్రంట్ బలం ప్రధానంగా నల్లగొండ, వరంగల్ చుట్టూనే ఉందని, మరాఠీ, కన్నడ జిల్లాల బలమే కాంగ్రెస్‌ను అధికారంలో నిలిపిందని గుర్తుంచుకుంటే, ఈ ఎన్నిక మొత్తం రాష్ట్రం తీర్పన్నది ఎంత తప్పో తెలుస్తుంది. ఒకే పెట్టెలోకి మూడు వేర్వేరు ఎన్నికలు పడ్డాయి. బూర్గుల ప్రభుత్వం తెలంగాణలో బలమైన ప్రతిపక్షం ఎదుట, మరాఠ్వాడా సభ్యుల మద్దతు మీద, తన పార్టీలోని ప్రత్యర్థుల మధ్య నడవాల్సి వచ్చింది. అందుకే మంత్రివర్గంలో భాషల వాటా, వర్గాల వాటా రెండూ చూసుకోవాల్సి వచ్చింది. కొండా వెంకట రంగారెడ్డి, యువకుడైన మర్రి చెన్నారెడ్డి, వి.బి. రాజు, వినాయకరావు విద్యాలంకార్, దిగంబరరావు బిందు తదితరులంతా అందులో ఉన్నారు.

ముల్కీ: చీలికలను అడ్డంగా కోసిన గీత

ముల్కీ అంటే స్థానికుడు. 1919 ఫర్మానా నాటి నిబంధనల ప్రకారం స్థానికుడు కాని వ్యక్తి సర్కారు కొలువుకు అర్హుడు కావాలంటే 15 ఏళ్ల నివాసం ఉండాలి. నిజాం కాలంలో ఈ తగవు ఉత్తరాది నుంచి వచ్చిన ముస్లిం అధికారులకూ దక్కనీయులకూ మధ్య మొదలైంది. 1952 నాటికి అది తెలంగాణకూ కోస్తాకూ మధ్య తగవుగా మారింది. మాట పాతదే, ఎదుటి మనిషి మారాడు.

1952 జులైలో వరంగల్‌లో ఉపాధ్యాయ నియామకాలపై విద్యార్థులు ఆందోళనకు దిగారు. అది నగరానికి పాకింది. సెప్టెంబర్ 3న మూసీ ఒడ్డున సిటీ కాలేజీ దగ్గర, మర్నాడు అఫ్జల్‌గంజ్ వైపు కాల్పులు జరిగి పలువురు చనిపోయారు. జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డితో విచారణ వేశారు. మంత్రివర్గ ఉపసంఘాన్నీ నియమించారు.

పార్టీల దృష్టితో చూస్తే ఈ ఆందోళనలో అసలు విశేషం, ఏ పార్టీ కూడా ఒక్క మాట మీద నిలవలేకపోవడం. కాంగ్రెస్ ప్రభుత్వంలో ఉంది, కానీ ముల్కీ నినాదానికి సానుభూతిపరులు కాంగ్రెస్ లోపలే ఉన్నారు. కమ్యూనిస్టులది తెలుగువారందరికీ ఒకే రాష్ట్రమనే విశాలాంధ్ర సిద్ధాంతం, కానీ ఉద్యోగం దొరకని తెలంగాణ విద్యార్థి వారి సహజ మద్దతుదారు. భూమి ప్రశ్నపై గీసుకున్న గీత ఒకటి, ముల్కీ ప్రశ్నపై గీత మరొకటి. ఇవి రెండూ ఒకదానిపై ఒకటి పడవు. ఈ ఒక్క సంగతి ఒప్పుకుంటే చర్చలోని సగం వాదోపవాదాలు అనవసరమవుతాయి.

పాతబస్తీ: పార్టీ లేని ఓటర్లు

సిటీ కాలేజీ నుంచి దక్షిణానికి నడిస్తే పత్తర్‌గట్టి, ఆపైన చార్మినార్. దాని పడమర వైపు నుంచి మహబూబ్ చౌక్ గడియారస్తంభం దిశగా సాగే వీధి లాడ్ బజార్. ముల్కీ చరిత్రలు సిటీ కాలేజీ దగ్గర ఆగిపోతాయి. విలీన చరిత్రలు నిజాం నివాసమైన కింగ్‌కోఠీ, కంటోన్మెంట్ ప్రాంతమైన బొల్లారంల చుట్టూ తిరుగుతాయి. ఈ వీధి రెంటికీ మధ్య ఉండిపోయింది.

బొగ్గుల మీద లక్కను కరిగించి, పోగులా సాగదీసి, వలయంగా చుట్టి, వేడి ఆరకముందే అద్దపు బిళ్లలు, రాళ్లు పొదిగే గాజుల పని ఇక్కడి ప్రధాన వృత్తి. పెళ్లి బట్టలు, జరీ, అత్తరు దుకాణాలు దాని చుట్టూ అల్లుకున్నాయి. ఈ సరుకుకు పెద్ద గిరాకీ చుట్టుపక్కల దేవిడీలది (నవాబుల భవంతులది), చౌమహల్లా రాజభవనం చుట్టూ బతికిన కుటుంబాలది. 1949లో జాగీర్ల రద్దు వరంగల్ కౌలుదారుకు ఒక రకమైన వార్త, దేవిడీ మీద ఆధారపడ్డ పనివాడికి మరో రకమైన వార్త. ఆ కొన్నేళ్లు గల్లాపెట్టెలో రెండు నాణేలుండేవి, నిజాం హాలీ సిక్కా, భారత ప్రభుత్వపు కల్దార్. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు లెక్క. బేరమాడే ప్రతిసారీ రాజ్యం మారిన సంగతి లెక్కలో కనిపించేది. హాలీ సిక్కా పూర్తిగా చెల్లకుండా పోయింది 1959లో.

రాజకీయంగా ఈ ఓటరుకు తనదనుకునే పార్టీ లేదు. 1927లో పుట్టిన మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 1948లో కనుమరుగైంది. దాని నాయకుడు ఖాసిం రజ్వీ 1957 దాకా జైల్లో ఉన్నాడు. పోలీసు చర్య వెంట జిల్లాల్లో జరిగిన హత్యలపై నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం మృతులను 27,000 నుంచి 40,000 దాకా అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. జిల్లాల నుంచి కట్టుబట్టలతో వచ్చినవారు నగరంలో తలదాచుకున్నారు. ఈ నేపథ్యంలో మజ్లిస్ ఖాళీ చేసిన చోటును భర్తీ చేసేందుకు కాంగ్రెస్, కమ్యూనిస్టులు ఇద్దరూ ప్రయత్నించారు. మఖ్దూం కవిగా, కార్మిక నాయకుడిగా పాతబస్తీలో ప్రేమ సంపాదించుకున్నవాడు. 1949 ఆగస్టులో మొదలైన సియాసత్ పత్రిక లౌకిక, ప్రగతిశీల ధోరణిలో ఉర్దూ పాఠకులతో మాట్లాడింది. ఓట్ల దగ్గరికి వచ్చేసరికి చార్మినార్ పక్కనున్న శాలిబండలో 1952లో కాంగ్రెస్ అభ్యర్థి మాసూమా బేగం గెలిచారు. 1957లో ఆమె పత్తర్‌గట్టి నుంచి గెలిచి, 1960లో మంత్రి అయ్యారు.

ఈ పదేళ్లను కాంగ్రెస్ లౌకికవాద విజయంగా చూడటం ఒక పద్ధతి, భయంతో వేసిన ఓటుగా చూడటం మరొకటి. 1958 ప్రాంతంలో అబ్దుల్ వహీద్ ఒవైసీ మజ్లిస్‌ను పునరుద్ధరించారు. 1962లో ఆయన కుమారుడు సలాహుద్దీన్ ఒవైసీ పత్తర్‌గట్టి గెలిచారు. కాంగ్రెస్ విజయం లోతుగా పాతుకున్నదే అయితే ఇంత త్వరగా కరిగేది కాదు. కేవలం భయమే అయితే పదేళ్లు నిలిచేది కాదు. ఉద్యోగాలు, ఉర్దూ, కాందిశీకుల ఆస్తులు అనే మూడింటిపై కాంగ్రెస్ ఇచ్చిన మాటకూ చేసిన పనికీ మధ్య దూరంలోనే దీనికి సమాధానం వెతకాలి.

ఎవరు ఏమన్నారు

విలీన పక్షం రచనల్లో వి.పి. మీనన్, కె.ఎం. మున్షీ, స్వామి రామానంద తీర్థ ముందు వరస. వీరికి కథ 1948తో దాదాపు పూర్తవుతుంది. ఆ తర్వాతి చీలికలు పరిపాలనా సమస్యలు, లేదా వ్యక్తుల బలహీనతలు. ఢిల్లీ పత్రాలు, మంతనాల వివరాలు వీరి బలం. గ్రామం కనిపించకపోవడం వీరి లోపం.

వామపక్ష రచనల్లో గ్రామం ఉంది. వెట్టి, నాగులు (ధాన్యపు అప్పులు), దొరల గడీలు, దళాల లెక్కలు ఇంత వివరంగా మరెక్కడా దొరకవు. కానీ నగరం, ముఖ్యంగా పాతబస్తీ, అంచున ఉండిపోయింది. స్త్రీల సంగతి మరీ వెనకబడింది. స్త్రీశక్తి సంఘటన 1986లో పోరాట స్త్రీల కథనాలను 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చేదాకా, పోరాటం ముగిశాక పార్టీ ఆ స్త్రీలకు ఏ చోటిచ్చిందన్న ప్రశ్నే సరిగా రాలేదు.

మూడో వరస ముస్లిం అనుభవాన్ని మధ్యలో నిలిపింది. ఉమర్ ఖాలిదీ 1988లో తెచ్చిన సంకలనం, ఎ.జి. నూరానీ 2013 గ్రంథం పోలీసు చర్యను తీవ్రంగా ప్రశ్నించాయి. లూసియాన్ బెనిషూ నిజాం చివరి దశాబ్దపు పార్టీ రాజకీయాలను పత్రాల ఆధారంగా విడదీసి చూపాడు. టేలర్ షెర్మన్ 1948 తర్వాతి పదేళ్ల ఉద్యోగాలు, పునరావాసం, ఎన్నికలను పరిశీలించింది. సునీల్ పురుషోత్తం హైదరాబాద్ హింసను గణతంత్ర నిర్మాణంలో భాగంగానే చదివాడు. వీరి వల్ల 1948 ఒక ముగింపు అన్న అభిప్రాయం పోయింది. ఇది చిన్న మేలు కాదు. అయితే వీరిలో కొందరి దగ్గర తెలంగాణ రైతు మళ్లీ నేపథ్యంలోకి జారిపోతాడు.

ప్రాంతీయ వాదులకు కీలకం 1952, 1956. డంకన్ ఫారెస్టర్ 1970లో ఉప-ప్రాంతీయతగా విశ్లేషించిన విషయాన్ని ప్రొఫెసర్ జయశంకర్ తదితరులు ఆత్మగౌరవ ప్రశ్నగా నిలబెట్టారు. ఇక కులం వైపు నుంచి కరొలిన్ ఎలియట్ రెడ్డి, కమ్మ నాయకత్వాల్లో ముఠాలు ఎలా పనిచేశాయో చూపింది. ఎలియట్ చూసింది ఆధిపత్య కులాలనే. నగర దళిత ఉద్యమంలోని చీలికలకు లోపలి సాక్ష్యం కావాలంటే 1955లో పి.ఆర్. వెంకటస్వామి రాసిన రెండు సంపుటాలే దిక్కు. నిజాం ప్రధాని లాయఖ్ అలీ మంత్రివర్గంలో చేరి దళితుల చదువుకు కోటి రూపాయల నిధి సాధించిన బి.ఎస్. వెంకట్రావు ఒకవైపు, షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌ను నడిపిన జె. సుబ్బయ్య మరోవైపు. నిజాంతో కలిసి నడవడం ద్రోహమా, దొరికిన దారా అన్న వారి తగవును కాంగ్రెస్ చరిత్రలు ఒక వాక్యంలో తేల్చేశాయి. అంత తేలిక తగవు కాదది.

ఈ వర్గాలన్నీ ఒప్పుకునే విషయాలు కొన్ని ఉన్నాయి. 1952 మంత్రివర్గం బలహీనంగా మొదలైంది. కౌలుదారీ చట్టం కాగితం మీద ఉన్నంత గట్టిగా పొలంలో అమలు కాలేదు. పార్టీ తగవుల్లో ఢిల్లీ మాటే ఆఖరుమాట. విభేదం కారణాల వరస దగ్గర వస్తుంది. విలీన పక్షం వ్యక్తులను, వామపక్షం భూమిని, ప్రాంతీయ పక్షం ఉద్యోగాలను, మూడో వరస మతహింసను ముందు పెడతాయి. కులాన్ని ముందు పెట్టేవారు మిగతావన్నీ దాని వేషాలే అంటారు. ఈ ఆఖరు వాదం ఆకర్షణీయమే కానీ, ఒకే కులానికి చెందిన రావి నారాయణరెడ్డి, కొండా వెంకట రంగారెడ్డి జీవితాంతం ఎదురెదురు శిబిరాల్లో ఎందుకున్నారో చెప్పలేదు.

1955–56: తగవుల్ని మూసేసిన విభజన

1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటంతో హైదరాబాద్ భవిష్యత్తు చర్చకు వచ్చింది. రాష్ట్రాల పునర్విభజనపై వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955 సెప్టెంబర్ 30న ఇచ్చిన నివేదికలో, తెలుగు ప్రాంతాన్ని ప్రస్తుతానికి హైదరాబాద్ రాష్ట్రంగానే ఉంచి, 1961 ప్రాంతపు ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండు వంతుల మెజారిటీ కోరితే కలపవచ్చంది. రామానంద తీర్థ రాష్ట్రాన్ని భాషల వారీగా విడదీయాలన్నారు. కమ్యూనిస్టులు విశాలాంధ్ర కోరారు. కొండా వెంకట రంగారెడ్డి, చెన్నారెడ్డి ప్రత్యేక తెలంగాణ వైపు నిలిచారు. బూర్గుల మొదట తటపటాయించి, అధిష్ఠానం మొగ్గు చూశాక విలీనం వైపు వచ్చారు. కాంగ్రెస్‌లోని పాత శత్రువులు కొందరు ఇక్కడ ఒక్కటయ్యారు, పాత మిత్రులు విడిపోయారు.

డిసెంబర్‌లో శాసనసభ చర్చించింది. అభిప్రాయం చెప్పిన 147 మందిలో 103 మంది విశాలాంధ్రకు అనుకూలం, 29 మంది వ్యతిరేకం, 15 మంది తటస్థం అని లెక్క. ఓటింగ్ మాత్రం జరగలేదు. 103 అన్న అంకెను ఒక పక్షం ప్రజాతీర్పు అంటుంది. ఇంకో పక్షం అందులో రాష్ట్రం వదిలి వెళ్లబోతున్న మరాఠీ, కన్నడ సభ్యుల మాట కూడా కలిసిందని గుర్తుచేస్తుంది. రెండో అభ్యంతరం న్యాయమైనదే. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలోని హైదరాబాద్ హౌస్‌లో విలీన షరతులపై పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. తెలంగాణ తరఫున బూర్గుల, కొండా వెంకట రంగారెడ్డి, చెన్నారెడ్డి, జె.వి. నరసింగరావు సంతకాలు చేశారు. ఎనిమిది నెలల తర్వాత హైదరాబాద్ శాసనసభ ముగిసింది. దానితో పాటే ఆ సభలోని పార్టీల లెక్క కూడా ముగిసింది.

ఇంకా తేలనివి

మొదటిది, స్వామి-బూర్గుల తగవు కౌలుదారీ అమలును జిల్లాల్లో ఎంత దెబ్బతీసింది? తాలూకా కచేరీల రికార్డుల స్థాయిలో తప్ప ఇది తేలదు. రెండోది, 1952లో ఫ్రంట్‌కు పడ్డ ఓట్లలో పోరాట గ్రామాల వాటా ఎంత, కాంగ్రెస్ మీద కోపం వాటా ఎంత? మూడోది, 1955లో ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులు చిత్తుగా ఓడకపోయి ఉంటే కాంగ్రెస్ అధిష్ఠానం విలీనానికి అంత తొందరగా ఒప్పుకునేదా? నాలుగోది పాతబస్తీది. 1948 నుంచి 1958 దాకా అక్కడి వృత్తిపనివారు, దుకాణదారులు ఏ పార్టీతో ఏ బేరం పెట్టుకున్నారన్నది నాయకుల చరిత్రలో దొరకదు. ఆనాటి ఉర్దూ పత్రికల్లో, పురపాలక రికార్డుల్లో, లాడ్ బజార్ వంటి వీధుల పాత ఖాతా పుస్తకాల్లో వెతకాలి.

1952–56 హైదరాబాద్ శాసనసభ చర్చలు ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషల్లో సాగాయి. పైన చెప్పిన చరిత్రకారుల వర్గాల్లో ప్రతి ఒక్కటీ వాటిలో ఒకటి రెండు భాషలు చదివినవారి పనే. భూమి, ముల్కీ, మతం అనే మూడు తగవులూ ఒకే సభలో, కొన్నిసార్లు ఒకే రోజున ఎలా నడిచాయో తెలియాలంటే ఆ చర్చలన్నిటినీ తెలుగులోకి తేవాలి. విశ్వవిద్యాలయాలు చేపట్టాల్సిన పని ఇది. ఏ ఒక్క పరిశోధకుడి వల్లా అయ్యేది కాదు.